మత్తడి మీద ఇసుక సంచులు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నాకు ఫోన్ చేసి ఒకటే అడుగుతారు. "మేడం, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిది?"

ఏదో ఒకటి నేర్చుకోండి. కంప్యూటర్ రాకపోతే మీటింగులో మీకు కుర్చీ కూడా వేయరు. కానీ మీరు చేయబోయే పని వేరు. తప్పు చోట కట్టిన మోరీ పక్కన నిలబడి, దాన్ని కట్టినవాళ్లు ఇప్పించిన టీ తాగుతూ, ఈసారి వాన గట్టిగా పడితే ఏమవుతుందో వాళ్లకు కోపం రాకుండా చెప్పాలి. కోపం రాకుండా అన్న ముక్క నాకు పట్టుబడలేదు. కోపం వచ్చేలాగే చెప్పాను. వాళ్లకు అట్లా అయినా గుర్తుంటుందని నా లెక్క.

మునిసిపల్ ఇంజనీరుగా కొన్నేళ్లు చేశాను. తర్వాత మునిసిపాలిటీలకు సలహాలిచ్చే ప్రాజెక్టులో చేరి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మధ్య బస్సుల్లో తిరిగాను. మోకాళ్లు మొరాయించాక, సర్వీసు ఇంకా మిగిలి ఉండగానే విరమణ తీసుకున్నాను. ఆ ప్రాజెక్టుకు చాలా పొడుగు పేరుండేది. వాతావరణం, తట్టుకునే శక్తి, సుస్థిరం, సమగ్రం అన్నీ అందులో ఉండేవి. ఆ పేరును ఆగకుండా చివరిదాకా చదివిన కమిషనర్‌ను నేను చూడలేదు. పని మాత్రం చిన్న మాటల్లో చెప్పొచ్చు. ప్రజల డబ్బుతో కట్టిన రోడ్లు, మోరీలు, చెరువు కట్టలు ఇప్పటి వానలకూ ఇప్పటి ఎండలకూ నిలుస్తాయా అని చూడాలి. నిలవవంటే ఏం చేయాలో మునిసిపాలిటీకి చెప్పాలి. వాళ్లు చేయకపోతే మళ్లీ చెప్పాలి.

నా ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను, ఎవరికీ అక్కర్లేదు. ఏ ముచ్చట ఏ ఊరిదో కూడా రాయను. మూడు ఊళ్లవాళ్లూ "ఇది మనది కాదు, పక్కోళ్లది" అనుకోవచ్చు. రాసినా అదే అనుకుంటారు.

రిబ్బన్ కత్తిరించాక

ముందు ఒక చిన్న సంగతి. ఒక ఊళ్లో బస్సు కోసం నిలబడేవాళ్లకు ఎండ తగలకుండా కొత్త షెల్టర్ కట్టారు. పైన ఇనుప రేకు, వెనక స్టీలు గోడ, ఆ గోడకు లోపలివైపు నాయకుల బొమ్మలు. ఏప్రిల్‌లో అందులో కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే. జనం తెలివైనవాళ్లు, గోడ వెనక్కి వెళ్లి దాని నీడలో నిలబడేవాళ్లు. కథలాపూర్ బస్సు కోసం చూస్తున్న ఒక ముసలామెను "లోపల కూసోరాదా అవ్వా?" అని అడిగాను. ఆమె లోపలికి తొంగి చూసి బొమ్మల వైపు చెయ్యి చూపించింది. "లోపల ఆళ్లు కూసున్నరు గద బిడ్డా. మనకు జాగేది?"

రేకు తీసి వేరే కప్పు వేయండని మా పై అధికారికి చెప్పాను. నాకేదో జబ్బు చేసినట్టు జాలిగా చూశాడాయన. "ఓపెనింగ్ అయిపోయింది కదా అమ్మా."

ఆ ఒక్క మాటలో మన ఊళ్ల నిర్మాణశాస్త్రం మొత్తం ఉంది. రిబ్బన్ కత్తిరించక ముందు ఏ వస్తువునైనా బాగుచేయడం తొందరపాటు, కత్తిరించాక బాగుచేయడం అవమానం. మధ్యలో కత్తెర పట్టుకున్న ఆ ఒక్క క్షణం ఉంటుంది చూడండి, అప్పుడు మాత్రం ఎవరూ మన మాట వినరు, ఫోటోలు తీస్తుంటారు.

ఆఖరి మెట్టు

ఇక అసలు సంగతి. మీరు ఎన్ని ట్రైనింగులకు పోయినా ఇది ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను.

ఇంకో ఊరికి ఆనుకుని ఒక చెరువుంది. దానికో మత్తడి ఉంది. మత్తడి అంటే తెలియని పట్నం పిల్లలకోసం: చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు కట్టను తెంపకుండా వాటంతటవే పొర్లిపోవడానికి పాతకాలంలో కట్టిన రాతి గోడ. ఆ నీళ్లు ఒక కాలువలో పడతాయి. కాలువ పక్కనే సాంచెల వాడ ఉంది. మరమగ్గాన్ని మా వైపు సాంచె అంటారు. ఆ వాడలో దాదాపు ప్రతి ఇంటి ముందు గదిలోనూ సాంచెలే. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయారు కాబట్టి ఇళ్లన్నీ రోడ్డుకన్నా పల్లంలో ఉన్నాయి. ఇళ్లు కుంగాయని బయటివాళ్లు అనుకుంటారు. ఇళ్లు ఉన్నచోటే ఉన్నాయి. మనవాళ్ల రోడ్లే పెరిగాయి.

చెరువు ఒడ్డున బతుకమ్మ ఘాట్ కట్టారు. మంచి పనే. రంగురాళ్లు, స్టీలు రైలింగు, లైట్లు. ఆడవాళ్లు బతుకమ్మలను నీళ్లలో వదలడానికి మెట్లు. అయితే కాంట్రాక్టరు మెట్లను పైనుంచి కిందికి కట్టుకుంటూ వచ్చి, బురద మొదలైన చోట ఆపేశాడు. బురదలో పునాది తీయాలంటే నీళ్లు తోడాలి, కష్టం. ఫలితంగా చెరువు నిండుగా ఉన్నా నీళ్లు ఆఖరి మెట్టును తాకవు. ఆఖరి మెట్టు దిగితే మోకాలిలోతు బురద.

మామూలు మనుషులైతే ఇంకో రెండు మెట్లు కిందికి కడతారు. మనవాళ్లు ఏం చేశారంటే, సద్దుల బతుకమ్మకు, అంటే పండుగ ఆఖరి రోజుకు, ముందు మత్తడి మీద ఇసుక సంచులు పేర్చారు. నీళ్లు పోయే దారి మూసి, చెరువునే మెట్ల ఎత్తుకు లేపారు.

ఇది ప్రతి ఏడాదీ జరిగే పని. ఎక్కడా రాసి ఉండదు. నేను చూసేదాకా నాకూ తెలియదు.

దీని అర్థం ఏమిటో చూడండి. ఒకప్పుడు సద్దుల నాటికి వానలు వెనకబట్టేవి. ఇప్పుడు నెలరోజుల వాన ఒక రాత్రిలో దిగుతోంది, ఆ రాత్రి బతుకమ్మ ముందా వెనకా అన్నది దానికి పట్టింపు లేదు. చెరువు మామూలుగా నిండి ఉన్నప్పుడు పెద్ద వాన వస్తే మత్తడి పొర్లుతుంది, కాలువ మోస్తుంది. సంచులు కట్టి పైదాకా నింపిన చెరువు మీద అదే వాన పడితే సంచులన్నీ ఒక్కసారిగా కొట్టుకుపోతాయి. వాటి వెనక ఆగిన నీళ్లు కూడా ఒక్కసారిగానే పోతాయి, నేరుగా సాంచెల వాడలోకి.

పెద్దసారు మనసు

కమిషనర్ గదికి పోయాను. అక్కడ మల్లేశం కూడా ఉన్నాడు. ఆ వార్డు కౌన్సిలర్ స్వరూప. మల్లేశం ఆమె భర్త. ఆమె కుర్చీలో ఎప్పుడూ ఇతనే కూర్చుంటాడు కాబట్టి, కొత్తవాళ్లు ఇతని పేరే స్వరూప అనుకున్నా ఆశ్చర్యం లేదు.

"రెండు దినాల ముచ్చట మేడం," అన్నాడు కమిషనర్. "సద్దుల అయిపోంగనే తీపిస్తం."

"పోయినేడు ఎప్పుడు తీపిచ్చిండ్రు?"

ఆయన మల్లేశం వైపు చూశాడు. మల్లేశం పైకప్పు వైపు చూశాడు. "దీపావళి సుట్టుముట్టు," అన్నాడు.

"ఆడోళ్ల పండుగ మేడం," అన్నాడు కమిషనర్ గొంతు మెత్తబరిచి. "ఆడామె అయ్యుండి మీరే అడ్డం పడితే ఎట్ల?"

"ఆడోళ్ల మీద గంత ప్రేముంటే ఇంకో రెండు మెట్లు కట్టుండ్రి సార్. మెట్లు నీళ్లకాడికి పోవాలె గని, నీళ్లు మెట్లకాడికి అస్తయా?"

"ఘాట్ ఓపెనింగ్ అయింది గద మేడం," అన్నాడు మల్లేశం.

"ఓపెనింగ్ అయినంక మెట్టు కట్టొద్దని ఏ చట్టంల ఉన్నది?"

"చట్టంల లేదు. పెద్దసారు మనసుల ఉన్నది. 'ఘాట్ల తప్పున్నదా? నేను తప్పు ఘాట్‌కు ఓపెనింగ్ చేసిన్నా?' అంటడు. ఆ మాటకు జవాబు మీరు చెప్తరా?"

పెద్దసారంటే ఆ ప్రాంతపు పెద్ద నాయకుడు. ఘాట్ ఆయనే ప్రారంభించాడు. ప్రతి సద్దుల సాయంత్రం వచ్చి మెట్టు మీద నిలబడి ఫోటో దిగుతాడు. వస్తానన్న వేళకు వచ్చే అలవాటు మాత్రం లేదు.

పిల్లలూ, నదుల గురించి, వానల గురించి, నేలల గురించి మీకు చదువు అన్నీ చెబుతుంది. చెరువు మట్టాన్ని నిర్ణయించేది ఒక మనిషి మొహమాటం అని ఏ పుస్తకం చెప్పదు. నేను చూసిన వరద ముంపుల్లో చాలావాటికి మూలం మేఘాల్లో లేదు. "సారుకు ఎవరు చెప్పాలి?" అన్న దగ్గర ఉంది.

పద్మ ఇంట్లో

సరే, మునిగేవాళ్లకే చెబుదామని సాంచెల వాడకు పోయాను. అక్కడ సాంచెలు నడిపే పద్మ అనే ఆమె ఇల్లు కాలువ పక్కనే, అన్నింటికన్నా పల్లంలో. ముందు గదిలో నాలుగు సాంచెలు, నేలకు ఆనుకుని మోటార్లు. ఇంతకుముందు ఒకసారి కాలువ పొంగి మోటార్లన్నీ తడిసి కాలిపోయాయి. భీములకు, అంటే సాంచె వెనకుండే దుంగలకు, చుట్టిన పడుగు నూలు బూజుపట్టింది. మళ్లీ సాంచె ఆడించడానికి మొగుడూ పెళ్లాం చాలా అవస్థ పడ్డారు. ఇంకోసారి నీళ్లొస్తే సాంచెలు పాత ఇనుము కొట్టుకు పోవడమే, వాళ్లు మహారాష్ట్రలోని భివండీ మగ్గాలకు కూలికి పోవడమే. ఆ సంగతి ఆమెకు నాకన్నా బాగా తెలుసు. వాడలో అందరికన్నా ఎత్తు బతుకమ్మ పేర్చేదీ ఆమే.

నేను పోయినా ఆమె సాంచెలు ఆపలేదు. ఆ చప్పుడులో మామూలుగా మాట్లాడినా కొట్లాడినట్టే ఉంటుంది. మేం నిజంగానే కొట్లాడాం.

"ఏంది మేడం, మా బతుకమ్మ బురదల పడాల్నా?"

"నీ సాంచెలు నీళ్లల్ల పడాల్నా?"

"వాన అస్తదా? అస్తదని రాసియ్యి."

"రాసియ్య."

"అంటే నీకు ఎర్క లేదు."

"అస్తదో రాదో నాకు ఎర్క లేదు. అస్తే మాత్రం మొదలు మునిగేది నీ ఇల్లు. గది ఎర్క."

"గీ మాత్రానికి బస్సెక్కి అచ్చినవా? ధర్మపురిల చెయ్యి జూసెటాయన నయం. ఏదో ఒకటి తెగేసి చెప్తడు."

తెగిన పోగు ముడేసి వచ్చి మళ్లీ నా ముందు నిలబడింది. "సంచులు కట్టకముందు ఏమైతుండెనో ఎర్కేనా నీకు? నెత్తి మీద తాంబాలం, కాళ్ల కింద బురద. మా అత్త దిగబడి పడ్డది. ఆమెను లేపబోయి ఇద్దరం పడ్డం. బతుకమ్మ బోర్ల పడ్డది. మొగోళ్లు గట్టు మీద నిలబడి నవ్విండ్రు. గప్పుడు యాడికి పోయింది నీ ప్రాజెక్టు?"

మా మ్యాపుల్లో ఎర్రరంగు ముంపు ప్రాంతం ఉంది, నీలిరంగు కాలువ ఉంది. నెత్తిన తాంబాలంతో బురదలో దిగే ఆడమనిషికి ఏ రంగూ లేదు. హైదరాబాద్ హోటల్లో చల్లటి హాలులో ఆ మ్యాపులు గీసినవాళ్లలో ఒక్కరూ ఎప్పుడూ బురదలో తాంబాలం మోసి ఉండరు.

"రెండు మెట్లు కట్టుమని నేను కొట్లాడుతున్న," అన్నాను.

"కొట్లాడు. కట్టినంక రా. అప్పటిదాక సంచులు ఉంటయ్."

సద్దుల నాడు

ఆ ఏడాది సద్దుల నాటికి పై ఊళ్లలో రెండు రోజులుగా వానలు. మా దగ్గర ఎండే కాస్తోంది, చెరువులోకి మాత్రం వరద వస్తూనే ఉంది. మధ్యాహ్నానికి నేను మత్తడి దగ్గరికి పోయేసరికి నీళ్లు పై వరుస సంచులను తాకుతున్నాయి. కొన్ని చోట్ల సంచుల మధ్యనుంచి సన్నగా కారుతున్నాయి. పడమర మబ్బు కమ్ముకుంటోంది.

కమిషనర్‌కు ఫోన్ చేశాను. "పెద్దసారు అచ్చి పోయేదాక సంచిని ముట్టొద్దు మేడం. జర నా ఉద్యోగం కూడ జూడుండ్రి."

"సారు ఎప్పుడు అస్తడు?"

"అస్తనే ఉన్నడు."

అస్తనే ఉన్నడు అంటే ఇంట్లోంచి బయలుదేరలేదని అర్థం. ఇది నాకు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే తెలిసింది.

సాయంత్రానికి ఘాట్ నిండింది. తంగేడు, గునుగు, బంతి. పట్టుచీరలు. మైకులో పాటలు. ఆఖరి మెట్టు మీద నీళ్లు అద్దంలా నిలబడి ఉన్నాయి. అంత అందంగా ఉన్న ప్రమాదాన్ని నేను మళ్లీ చూడలేదు. పద్మ వాడ ఆడవాళ్లతో చుట్టూ తిరుగుతూ ఆడుతోంది. నేను ఆ గుండ్రంలోకి దూరి ఆమె చెయ్యి పట్టుకుని లాగాను.

"ఆటల ఉన్న మేడం!"

"ఒక్కసారి అచ్చి చూడు. తర్వాత తిట్టు."

చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నాతో మత్తడి దాకా వచ్చింది. సంచుల మధ్యనుంచి వస్తున్న నీళ్లను చూసింది. ఆ నీళ్లు పోతున్న కాలువను చూసింది. కాలువ చివర తన ఇంటి రేకులు కనిపిస్తున్నాయి. మబ్బును చూసింది.

"ఇప్పుడు గుంజితే నీళ్లు దిగుతయి. బతుకమ్మలు బురదల పడతయి," అంది.

"పడతయి."

"బతుకమ్మలు ఏసినంక గుంజితే?"

నేను ఆమె మొహంలోకి చూశాను. ఇంత చదివి, ఇన్ని మీటింగుల్లో గొంతు చించుకుని, సంచులు ఉండాలా వద్దా అన్నదాని మీదే నేనూ కమిషనరూ పోట్లాడుకున్నాం. ఎప్పటిదాకా ఉండాలి అని అడిగింది ఆమె ఒక్కతే. "మరి పెద్దసారు రావాలెనంటున్నరు గద," అన్నాను.

"సారేమన్న బతుకమ్మ పేర్చి తెస్తున్నడా?"

వెనక్కి పోయి గుండ్రం మధ్యలో నిలబడింది. "అక్కా, చెల్లే, ఇగ సాగనంపుదాం పట్టుండ్రి. మబ్బు వట్టింది." కొందరు గొణిగారు, ఇంకా ఆట కాలేదన్నారు. ఒక పెద్దామె "గింత పెందలాడనా పిల్లా?" అంది. "పెందలాడ అయితే మలీద ముద్దలు వేడిమీదనే తినొచ్చు అత్తా, రా," అని ఆమె తాంబాలం తనే ఎత్తుకుంది. బతుకమ్మను నీళ్లలో వదిలాక అందరూ పంచుకు తినే రొట్టె, బెల్లం ముద్దలవి. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు దిగారు. పొడి మెట్ల మీద, జారకుండా, నిండు నీళ్లలోకి బతుకమ్మలు పోయాయి.

అప్పటికి మల్లేశం పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఏయ్ పద్మక్కా! సారు రాకముందే ఏసుడేంది? ఎవ్వలు చెప్పిండ్రు?"

"మబ్బు చెప్పింది."

"సారు తొవ్వల ఉన్నడు!"

"మంచిగ రమ్మను. ముద్దలు పెడతం. సంచులు మాత్రం ఇప్పుడే గుంజుతం."

"నీళ్లు ఉండాలె! ఫోటో ఎట్ల దిగుతడు?"

"మల్లేశం తమ్మీ, బతుకమ్మ పోయింది. ఇగ నీళ్లతోని మాకేం పని? ఫోటోకు కావాల్నంటే మీ ఇంటి ట్యాంకరు తెచ్చి పోసుకో."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. కౌన్సిలర్ స్వరూప కూడా నవ్వింది. ఆమె గొంతు నేను మొదటిసారి విన్నది అప్పుడే. నవ్వి, కొంగు బిగించి, మొగుడి పక్కనుంచే నడిచి మత్తడి వైపు పోయింది.

సంచులు ఎట్లా తీయాలో మాత్రం నేనే చెప్పాను. ఒక్కచోట గండి పెడితే నీళ్లు ఒక్కసారి దూకుతాయి. ముందు పై వరుస, అవతలి చివరనుంచి మొదలుపెట్టి కట్ట వైపు వెనక్కి వస్తూ. ఆ నీళ్లు పలచగా పోయాక కింది వరుస, అదే తీరుగా. పట్టుచీరలు మోకాళ్లకు దోపుకుని ఆడవాళ్లు, సాంచెలు నడిపే మొగవాళ్లు కలిసి గుంజారు. నీళ్లు కాలువలో చప్పుడు చేస్తూ, కాలువ దాటకుండా పోయాయి.

పెద్దసారు వచ్చేసరికి చీకటి పడింది. ఆఖరి మెట్టు కింద బురద, బురద మీద వాడిన పూలు. ఆయన మెట్టు మీద నిలబడ్డాడు. ఫోటోగ్రాఫర్ ఎటునుంచి తీయాలో తెలియక చుట్టూ తిరిగాడు. కమిషనర్ నా మొహం చూడలేదు.

ఏమీ కాకపోవడం

ఆ రాత్రి వాన పడలేదు. మబ్బు అట్లా వచ్చి అట్లా పోయింది. తెల్లారి నన్ను చూసి టీ కొట్టు దగ్గర ఎవరో అడిగారు. "మేడం, గొడుగు తెచ్చుకున్నవా?" నన్ను ఆ ఊరి పనినుంచి తప్పించారు. పద్మను వాడలో సగంమంది దెప్పారు. "గా మేడం మాట ఇని పండుగను పావుల మందం చేసినవ్."

దసరా దాటాక పెద్ద వాన కొట్టింది. ఊరికి పోయే బస్సులు ఆగిపోయాయి. చెరువు మత్తడి దూకింది, కాలువ నిండుగా పారింది, నీళ్లు పద్మ వాకిలి దాకా వచ్చి ఆగాయి. గడప దాటలేదు. అప్పుడైనా ఊరివాళ్లు ఏమన్నారో చెప్పనా? "గింత వాన పడ్డా ఏం కాలే. ఉత్తగనే సంచులు గుంజిపిచ్చింది."

ఇదీ మీరు చేరబోయే వృత్తి. మీ మాట వినకపోతే మునుగుతారు, అప్పుడు "ముందే ఎందుకు చెప్పలేదు" అంటారు. వింటే ఏమీ కాదు, అప్పుడు "ఏమీ కాలేదు కదా" అంటారు. దండలు కావాలనుకుంటే వంతెనలు కట్టే శాఖలో చేరండి.

ఆ రెండు మెట్లు ఇప్పటికీ కట్టలేదు. ఈ ఏడాది సద్దుల మర్నాడు పద్మ ఫోన్ చేసింది. వెనక సాంచెల చప్పుడు.

"ఎట్లయింది?" అన్నాను.

"పెద్దసారు పొద్దు ఉండంగనే అచ్చిండు మేడం! ఎవ్వలకన్న ముందు ఆయనే. ఆయన కోసం మేం ఆగం అని ఎర్కయింది."

"సంచులు?"

"బతుకమ్మలు ఏసుడు, సంచులు గుంజుడు. చీకటి పడకముందే అయిపోయింది."

"ఎవ్వలన్నా తిట్టిండ్రా?"

"తిట్టుడెందుకు? గిది పద్ధతట. మా అత్త చెప్తున్నది, ఎన్కటి సంది గిట్లనే చేస్తున్నరట. మొన్న పెండ్లయి అచ్చిన పిల్ల ముద్దలు తినబోతే చెయ్యి పట్టి ఆపింది."

"ఎందుకు?"

"సంచి గుంజకుండ ముద్ద తినొద్దట."